ఎల్‌ఎల్‌వీఎంలో వస్తున్న మార్పులు, దాని డాక్యుమెంటేషన్: విశాఖ నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో కంపైలర్ల మీద పనిచేసేవాళ్లం, నేర్పేవాళ్లం కలిసి రాసిన పేజీ ఇది. రుషికొండ, మధురవాడ వైపు కాలేజీ ల్యాబుల నుంచి, ఆంధ్రా యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి, గాజువాకలో ఇంట్లో కూర్చుని సొంతంగా నేర్చుకుంటున్నవాళ్ల నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఆదేశాలను, ఫైళ్ల పేర్లను తెలుగు లిపిలోనే రాశాం. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. గీతలు, ఈక్వల్ గుర్తులు, బ్రాకెట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఎల్‌ఎల్‌వీఎం అంటే ఒక కంపైలరా?

కంపైలర్లు కట్టుకోవడానికి కావాల్సిన సామగ్రి అంతా కలిపి ఎల్‌ఎల్‌వీఎం. 2000లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ లాట్నర్, విక్రమ్ అడ్వే మొదలుపెట్టారు. మొదటి విడుదల 2003లో. సీ, సీ ప్లస్ ప్లస్ చదివే క్లాంగ్, లింకర్ ఎల్‌ఎల్‌డీ, ఫోర్ట్రాన్ కోసం ఫ్లాంగ్, కంపైలర్ లోపలి రూపాలు కట్టుకునే ఎంఎల్ఐఆర్ అన్నీ ఇప్పుడు ఒకే గిట్ రిపాజిటరీలో ఉన్నాయి. రస్ట్, స్విఫ్ట్, జూలియా భాషలు మెషీన్ కోడ్ తయారుచేయడానికి దీని మీదే ఆధారపడతాయి. ఆ నాలుగు ఇంగ్లిష్ అక్షరాలకు ఒకప్పుడు పూర్తి పేరు ఉండేది. ఇప్పుడు అవే పేరు. వైవాలో ఎవరైనా విస్తరించమంటే ఈ సంగతి చెప్పండి.

మా ల్యాబ్ రికార్డులో 'ఆప్ట్ -మెమ్2రెగ్ -ఎస్' అని ఉంది. కొడితే ఎర్రర్ వస్తోంది. ఇన్‌స్టాలేషన్ తప్పా?

ఇన్‌స్టాలేషన్ బాగానే ఉంది. రికార్డు పాతబడింది. మా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం చివరికి ఇక్కడే తేలతాయి.

ఆప్ట్ అనేది ఐఆర్ మీద, అంటే సోర్సుకూ మెషీన్ కోడ్‌కూ మధ్య ఎల్‌ఎల్‌వీఎం వాడే రూపం మీద, పాస్‌లు నడిపే టూల్. పాస్ అంటే కోడ్‌ను మెరుగుపరిచే ఒక్కో అంచె. ఎల్‌ఎల్‌వీఎంలో ఈ పాస్‌లను వరసగా నడిపే యంత్రాంగాన్ని పాస్ మేనేజర్ అంటారు. చాలా ఏళ్లపాటు ఒక పాత పాస్ మేనేజర్ ఉండేది. 2021లో వచ్చిన ఎల్‌ఎల్‌వీఎం 13 నుంచి కొత్తది డిఫాల్ట్ అయింది. కొత్తదానికి పాస్ పేరు చెప్పే పద్ధతి వేరు: 'ఆప్ట్ -పాసెస్=మెమ్2రెగ్ -ఎస్'. కొన్నాళ్లు పాత పద్ధతిలో కొట్టినా లోపల కొత్తదానికి మార్చి నడిపించేవారు. తర్వాత ఆ వెసులుబాటు తీసేశారు.

ఉబుంటు 22.04తో వచ్చేది ఎల్‌ఎల్‌వీఎం 14. ఉబుంటు 24.04తో వచ్చేది 18. మొదటిదాంట్లో పాత ఆదేశం నడుస్తుంది, రెండోదాంట్లో ఆగిపోతుంది. అందుకే ఒకే ల్యాబులో పక్కపక్క సిస్టమ్‌ల మీద ఒకరికి వచ్చి ఇంకొకరికి రాదు. ఇద్దరూ ముందు 'ఆప్ట్ --వెర్షన్' కొట్టి చూసుకోండి.

ఒకటికి మించి పాస్‌లు ఉంటే కామాతో విడదీయాలి. ఇక్కడ ఒక చిక్కుంది. మెమరీలోని లోకల్ వేరియబుల్స్‌ను రిజిస్టర్లకు మార్చే మెమ్2రెగ్ ఒక్కో ఫంక్షన్ మీద పనిచేసే పాస్, వాడని గ్లోబల్స్‌ను తీసేసే గ్లోబల్‌డీసీఈ మొత్తం మాడ్యూల్ మీద పనిచేసే పాస్. 'మెమ్2రెగ్,గ్లోబల్‌డీసీఈ' అని రాస్తే, మొదటి పేరును చూసి మొత్తం వరసను ఫంక్షన్ పాస్‌లుగా లెక్కేసి, రెండో పేరు తనకు తెలియదంటుంది. 'ఫంక్షన్(మెమ్2రెగ్),గ్లోబల్‌డీసీఈ' అని రాయాలి. బ్రాకెట్లున్నప్పుడు మొత్తాన్ని కొటేషన్లలో పెట్టకపోతే షెల్ ముందే గొడవపెడుతుంది. మీ వెర్షన్‌లో ఏ పాస్‌లున్నాయో, ఏది ఏ స్థాయిదో 'ఆప్ట్ -ప్రింట్-పాసెస్' చూపిస్తుంది. దాని అవుట్‌పుట్ ఒక ఫైల్లో దాచుకుంటే ల్యాబంతా పనికొస్తుంది.

ఆదేశం సరిగ్గానే కొట్టాను. ఎర్రర్ లేదు. కానీ అవుట్‌పుట్‌లో అలొకా, లోడ్, స్టోర్ అన్నీ అలాగే ఉన్నాయి. ఎందుకు?

క్లాంగ్‌ను '-ఓ0'తో (ఆప్టిమైజేషన్ లేకుండా) నడిపి ఐఆర్ తీసుంటారు. ఆ ఫైలు తెరిచి కింద 'ఆట్రిబ్యూట్స్ #0' అని మొదలయ్యే వరస చూడండి. అందులో 'నోఇన్‌లైన్', 'ఆప్ట్‌నన్' అనే మాటలు కనిపిస్తాయి. ఆప్ట్‌నన్ అంటే ఈ ఫంక్షన్‌ను ఆప్టిమైజ్ చేయొద్దని రాసిపెట్టిన చీటీ. మెమ్2రెగ్ ఆ చీటీ చూసి ఫంక్షన్‌ను ముట్టుకోకుండా దాటిపోతుంది. ఎర్రర్ ఇవ్వదు, హెచ్చరిక కూడా ఇవ్వదు.

ఐఆర్ తీసేటప్పుడే '-ఎక్స్‌క్లాంగ్ -డిజేబుల్-ఓ0-ఆప్ట్‌నన్' చేర్చండి. అప్పుడు రెండు ఇంట్ విలువలు కూడే చిన్న ఫంక్షన్ తీసుకుంటే, ముందు రెండు అలొకాలు (స్టాక్‌లో చోటు తీసుకునే సూచనలు), రెండు స్టోర్‌లు, రెండు లోడ్‌లు, ఒక యాడ్, ఒక రెట్ ఉంటాయి. మెమ్2రెగ్ తర్వాత యాడ్, రెట్ మాత్రమే మిగులుతాయి. ఇఫ్-ఎల్స్ ఉన్న ఫంక్షన్ మీద కూడా నడపండి. రెండు దారులు కలిసే చోట, ఏ దారి నుంచి వచ్చామో చూసి విలువ ఎంచుకునే ఫై సూచన పుట్టడం కళ్లారా చూడొచ్చు. ఎస్ఎస్ఏ (ప్రతి పేరుకూ ఒక్కసారే విలువ ఇచ్చే పద్ధతి) పాఠం వంద స్లైడ్ల కంటే ఇక్కడ బాగా తలకెక్కుతుంది.

ఆప్ట్‌నన్ మాటను చేత్తో చెరిపేసి పని కానిచ్చేవాళ్లూ ఉన్నారు. ఒక ఫైలుకైతే పరవాలేదు. కానీ టెస్ట్‌గా పంపబోయే ఫైలును చేత్తో దిద్దకండి, అదే ఫైలు మళ్లీ ఎలా తయారుచేయాలో రివ్యూ చేసేవారికి తెలియదు.

పుస్తకంలో 'ఐ32*' అని ఉంది. నాకు అంతటా 'పీటీఆర్' అనే కనిపిస్తోంది.

పాయింటర్ దేనివైపు చూపిస్తుందో ఐఆర్‌లో రాయడం మానేశారు. మెమరీలో ఉన్న బైట్లకు రకం అంటూ ఉండదు. చదివేటప్పుడు లోడ్ ఏ రకం అడిగితే అదే రకం. అలాంటప్పుడు పాయింటర్‌కు రకం తగిలించడం వల్ల ఒరిగేది లేదు. పైగా ఆ రకాలను ఒకదానికొకటి సరిపెట్టడానికే ఐఆర్ నిండా బిట్‌కాస్ట్‌లు (రకం మార్చే సూచనలు) పేరుకుపోయేవి, ప్రతి పాస్ వాటిని దాటి చూడాల్సి వచ్చేది. 2022లో ఎల్‌ఎల్‌వీఎం 15లో కొత్త పద్ధతి డిఫాల్ట్ అయింది, 2023లో 17 వచ్చేసరికి పాతదాన్ని పూర్తిగా తీసేశారు.

అంటే 'లోడ్ ఐ32, ఐ32* %పీ' అని ఉన్నది ఇప్పుడు 'లోడ్ ఐ32, పీటీఆర్ %పీ' అవుతుంది.

పాత ఎల్ఎల్ ఫైళ్లు వందల్లో ఉంటే చేత్తో మార్చకండి. టెక్స్ట్ రూపంలో ఉన్న ఐఆర్ తర్వాతి వెర్షన్లలో చదవగలమని ఎల్‌ఎల్‌వీఎం ఎప్పుడూ మాట ఇవ్వలేదు. ఐఆర్ బైనరీ రూపమైన బిట్‌కోడ్‌కు మాత్రం ఇచ్చింది: 3.0 నుంచి వచ్చిన ఏ బిట్‌కోడ్‌నైనా నేటి వెర్షన్ చదవాలి. కాబట్టి ఎల్‌ఎల్‌వీఎం 14తో వచ్చిన ఎల్‌ఎల్‌వీఎం-ఏఎస్‌తో ఆ ఫైళ్లను బిట్‌కోడ్ చేసి, కొత్త వెర్షన్ ఎల్‌ఎల్‌వీఎం-డిస్‌తో మళ్లీ టెక్స్ట్‌లోకి తీయండి. పాయింటర్లు వాటంతటవే మారి వస్తాయి. ఈ పనికోసమే 22.04 ఉన్న ఒక సిస్టమ్‌ను ల్యాబులో అలాగే ఉంచుకోవడం మంచిది.

సీనియర్ల ప్రాజెక్టులోని పాస్ కోడ్ తీసుకున్నాం. కంపైలే కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సీ ప్లస్ ప్లస్ ఏపీఐ ఒక విడుదల నుంచి ఇంకో విడుదలకు నిలకడగా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు. దాన్ని ముందే ఒప్పుకుని దిగాలి. దిద్దుబాట్లు ఈ వరసలో చేస్తే తల తక్కువ నొప్పి పెడుతుంది.

ముందు కంపైలర్ స్టాండర్డ్ సీ ప్లస్ ప్లస్ 17కు పెంచండి. ఎల్‌ఎల్‌వీఎం 16 నుంచి అది తప్పనిసరి. తర్వాత పాస్ అస్థిపంజరం మార్చండి. పాత కోడ్‌లో ఫంక్షన్‌పాస్ నుంచి వారసత్వం తీసుకుని 'రన్‌ఆన్‌ఫంక్షన్' రాసుంటారు. కొత్తదాంట్లో 'పాస్‌ఇన్ఫోమిక్సిన్' నుంచి తీసుకుని 'రన్' అనే మెంబర్ రాయాలి. దానికి ఫంక్షన్, ఫంక్షన్‌అనాలిసిస్‌మేనేజర్ రెండూ వస్తాయి. '-లోడ్' బదులు '-లోడ్-పాస్-ప్లగిన్'. ప్లగిన్‌లో 'ఎల్‌ఎల్‌వీఎంగెట్‌పాస్‌ప్లగిన్‌ఇన్ఫో' అనే ఫంక్షన్ బయటికి కనిపించాలి, అది లేకపోతే ప్లగిన్ లోడ్ కాదు.

'రన్' తిరిగి ఇచ్చే విలువ దగ్గర జాగ్రత్త. పాతదాంట్లో మార్చానా లేదా అని ట్రూ, ఫాల్స్ ఇచ్చేవారు. ఇప్పుడు ఏ అనాలిసిస్‌లు ఇంకా చెల్లుతాయో చెప్పాలి. బ్లాకులు కలిపేసి కూడా 'ప్రిజర్వ్‌డ్‌అనాలిసెస్::ఆల్' అని ఇస్తే, తర్వాతి పాస్ పాత డామినేటర్ ట్రీని (ఒక బ్లాకుకు చేరాలంటే ఏ బ్లాకులు దాటక తప్పదో చెప్పేది) నమ్ముకుని తప్పుడు కోడ్ తయారుచేస్తుంది. తప్పు మీ పాస్‌లో, క్రాష్ ఇంకెవరి పాస్‌లోనో. దీన్ని పట్టుకోవడానికి వారం పోగొట్టుకున్నవాళ్లున్నారు. అనుమానం ఉంటే 'నన్' ఇవ్వండి, కాస్త నెమ్మదిస్తుంది గానీ తప్పు జరగదు.

చివరగా పాయింటర్లు. 'గెట్‌పాయింటర్‌ఎలిమెంట్‌టైప్' ఇప్పుడు లేదు. రకం కావాలంటే దాన్ని నిజంగా తెలిసినవాళ్లనే అడగాలి: లోడ్ అయితే దాని సొంత రకం, అలొకా అయితే 'గెట్‌అలొకేటెడ్‌టైప్', జీఈపీ (చిరునామా లెక్కించే సూచన) అయితే 'గెట్‌సోర్స్‌ఎలిమెంట్‌టైప్', గ్లోబల్ అయితే 'గెట్‌వాల్యూటైప్'.

డీబగ్ సమాచారం కోసం 'ఎల్‌ఎల్‌వీఎం.డీబీజీ.వాల్యూ' కాల్స్ వెతికే కోడ్ రాశాను. ఒక్కటీ దొరకడం లేదు.

ఎల్‌ఎల్‌వీఎం 19 నుంచి అవి కాల్ సూచనలుగా ఉండవు. '#డీబీజీ_వాల్యూ' అనే రికార్డులై, పక్కనున్న సూచనకు తగులుకుని ఉంటాయి. డీబగ్ సమాచారం ఉంటే ఒక కోడ్, లేకపోతే ఇంకో కోడ్ పుట్టే బగ్గులు దీనితో చాలా తగ్గాయి. సూచనల మీద లూప్ తిప్పితే ఇవి రావు. సూచనకున్న డీబగ్ రికార్డులను విడిగా అడగాలి.

ఏ డాక్యుమెంటేషన్ చదవాలి? ఒక్కో చోట ఒక్కోలా ఉంది.

ఎల్‌ఎల్‌వీఎం వెబ్‌సైట్‌లో మామూలుగా తెరుచుకునేది మెయిన్ బ్రాంచ్ డాక్యుమెంటేషన్. అంటే ఇంకా విడుదల కాని కోడ్‌ది. మీ దగ్గర 18 ఉంటే విడుదలల విభాగంలోకి వెళ్లి 18 డాక్యుమెంట్లు తెరవండి. పేజీ పైన వెర్షన్ అంకె చూడకుండా ఒక్క వరస కూడా నమ్మొద్దు.

ఏడాదికి రెండు పెద్ద విడుదలలు వస్తాయి. జనవరిలో, జూలైలో మెయిన్ నుంచి విడుదల బ్రాంచ్ చీలుతుంది. పరీక్షలు ముగిశాక కొన్ని వారాలకు విడుదల వస్తుంది. ఎల్‌ఎల్‌వీఎం 18 నుంచి మొదటి విడుదల 18.1.0 అని మొదలవుతోంది. మెయిన్‌లో ఉన్నప్పుడు 18.0.0, విడుదల బ్రాంచ్‌లో 18.1 కావడంతో ఎవరి దగ్గర ఏది ఉందో అంకె చూసి చెప్పొచ్చు. బగ్ రిపోర్ట్ రాసేటప్పుడు ఈ అంకె మొత్తం రాయండి.

పాత ట్యుటోరియల్‌లో ఎస్‌వీఎన్, బగ్జిల్లా, ఫ్యాబ్రికేటర్ అనే మాటలు కనిపిస్తే అది ఏ కాలందో తెలిసిపోతుంది. కోడ్ 2019 అక్టోబరులో గిట్‌హబ్‌కు మారింది, బగ్గుల పట్టిక 2021 డిసెంబరులో మారింది, రివ్యూలు 2023 సెప్టెంబరు నుంచి పుల్ రిక్వెస్టుల్లోకి వచ్చాయి. చర్చలు 2022 మొదట్లోనే మెయిలింగ్ లిస్టుల నుంచి డిస్కోర్స్‌కు వెళ్లాయి.

8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో బిల్డ్ అవుతుందా?

అవుతుంది, ఆప్షన్లు తెలిసి పెడితే. తెలియక డిఫాల్ట్‌తో వెళ్తే అన్ని ప్రాసెసర్ టార్గెట్లూ కడుతుంది, పొద్దున్న మొదలుపెట్టింది రాత్రికి లింకర్ దగ్గర చచ్చిపోతుంది.

క్లోన్ నుంచే పొదుపు చేయండి. 'గిట్ క్లోన్ --డెప్త్=1' చాలా తక్కువ డేటాతో పని కానిస్తుంది, కానీ పాత కమిట్‌లు ఉండవు; ఒక వరస ఎప్పుడు, ఎందుకు మారిందో చూడలేరు. కోడ్ పంపాలనుకునేవాళ్లకు '--ఫిల్టర్=బ్లాబ్:నన్' మేలు: కమిట్ చరిత్ర మొత్తం వస్తుంది, పాత ఫైళ్లు అవసరమైనప్పుడే దిగుతాయి. దానికి '--సింగిల్-బ్రాంచ్' కూడా చేర్చండి. లేకపోతే 'యూజర్స్/' అని మొదలయ్యే వందలాది సొంత బ్రాంచ్‌లన్నీ మీ డిస్కులోకి వస్తాయి.

సీమేక్‌కు సోర్స్‌గా రిపాజిటరీ పైఫోల్డర్‌ను కాకుండా లోపలి 'ఎల్‌ఎల్‌వీఎం' ఫోల్డర్‌ను చూపించాలి. జనరేటర్ నింజా. ఆ తర్వాత పెట్టాల్సినవి:

'సీమేక్_బిల్డ్_టైప్=రిలీజ్'. డీబగ్ బిల్డ్‌కు క్లాంగ్‌తో కలిపి 15 నుంచి 20 జీబీ డిస్కు కావాలి, రిలీజ్‌కు చాలా తక్కువ సరిపోతుందని ప్రాజెక్టు డాక్యుమెంటేషనే చెబుతుంది.

'ఎల్‌ఎల్‌వీఎం_ఎనేబుల్_అసర్షన్స్=ఆన్'. రిలీజ్‌లో ఇది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేయకపోతే మీ పాస్ చేసిన తప్పు అక్కడే ఆగకుండా ఎక్కడికో వెళ్లి పేలుతుంది. పైగా అసర్షన్లు కావాల్సిన టెస్టులు నడవకుండానే దాటిపోతాయి.

'ఎల్‌ఎల్‌వీఎం_టార్గెట్స్_టు_బిల్డ్=ఎక్స్86'. ఒక్క టార్గెట్ చాలు.

'ఎల్‌ఎల్‌వీఎం_ప్యారలల్_లింక్_జాబ్స్=1', 'ఎల్‌ఎల్‌వీఎం_యూజ్_లింకర్=ఎల్‌ఎల్‌డీ'. ర్యామ్ తినేసేది కంపైల్ కన్నా లింక్. నాలుగు లింకులు ఒకేసారి మొదలైతే 8 జీబీ చాలదు. 'సిగ్నల్ 9, కిల్డ్' అని వస్తే అది కోడ్ తప్పు కాదు, మెమరీ అయిపోయి కెర్నల్ చంపేసింది. ఎల్‌ఎల్‌డీని ముందు విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

'ఎల్‌ఎల్‌వీఎం_సీక్యాష్_బిల్డ్=ఆన్'. రెండో బిల్డ్ నుంచి దీని విలువ తెలుస్తుంది.

క్లాంగ్ అక్కర్లేకపోతే 'ఎల్‌ఎల్‌వీఎం_ఎనేబుల్_ప్రాజెక్ట్స్' ఖాళీగా వదిలేయండి. మొత్తం కూడా కట్టొద్దు: 'నింజా ఆప్ట్ ఎల్ఎల్‌సీ ఫైల్‌చెక్ కౌంట్ నాట్ ఎల్‌ఎల్‌వీఎం-కాన్ఫిగ్' అంటే ఐఆర్ టెస్టులు చాలావరకు నడుస్తాయి. చివరి పేరు మర్చిపోతే టెస్టులు నడిపే లిట్ మొదట్లోనే ఆగిపోయి ఆ టూల్ దొరకలేదంటుంది.

మే నెల మధ్యాహ్నం మన ఊళ్లో ల్యాప్‌టాప్ వేడెక్కి ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. 'నింజా -జే3' అని కోర్ల కన్నా తక్కువ పనులు ఇచ్చి, రాత్రి నడపడమే నయం.

బిల్డ్ మధ్యలో కరెంటు పోయింది. మొదటి నుంచి చేయాలా?

అక్కర్లేదు. మళ్లీ నింజా కొడితే ఆగిన చోటు నుంచి అందుకుంటుంది. కరెంటు పోయే క్షణంలో డిస్కుకు పూర్తిగా చేరని ఆబ్జెక్ట్ ఫైళ్లు ఒకటీ రెండూ సున్నా బైట్లతో మిగిలిపోవచ్చు. లింక్ సమయంలో 'ఫైల్ ట్రంకేటెడ్' అని వస్తే అదే. బిల్డ్ ఫోల్డర్‌లో 'ఫైండ్ . -నేమ్ "*.ఓ" -సైజ్ 0 -డిలీట్' కొట్టి మళ్లీ నింజా నడపండి. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో పెద్ద బిల్డ్ పెట్టుకోకండి. 2014 హుద్‌హుద్ తర్వాత కరెంటు కోసం ఎన్ని రోజులు ఎదురుచూశామో ఊరికి గుర్తే.

డాక్యుమెంటేషన్ దిద్దడానికి కూడా ఇదంతా కట్టాలా?

వద్దు. ఎల్‌ఎల్‌వీఎం డాక్యుమెంట్లు 'ఎల్‌ఎల్‌వీఎం/డాక్స్' ఫోల్డర్‌లో ఉంటాయి. ఎక్కువ భాగం రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్, కొన్ని మార్క్‌డౌన్. వాటిని వెబ్ పేజీలుగా మార్చేది స్ఫింక్స్. పైథాన్‌లో ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తెరిచి, ఆ ఫోల్డర్‌లోనే ఉన్న 'రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ'ని పిప్‌తో ఇన్‌స్టాల్ చేయండి. ఆ ఎన్విరాన్‌మెంట్ తెరిచి ఉన్నప్పుడే సీమేక్‌కు 'ఎల్‌ఎల్‌వీఎం_ఎనేబుల్_స్ఫింక్స్=ఆన్' ఇచ్చి, 'నింజా డాక్స్-ఎల్‌ఎల్‌వీఎం-హెచ్‌టీఎంఎల్' కొట్టండి. పేజీలు బిల్డ్ ఫోల్డర్‌లో 'డాక్స్/హెచ్‌టీఎంఎల్' కింద వస్తాయి. 4 జీబీ ర్యామ్ సిస్టమ్ మీద కూడా ఈ పని జరుగుతుంది.

హెచ్చరికలను ఎర్రర్లుగా లెక్కేసే ఆప్షన్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. కాబట్టి ఒక్క హెచ్చరికకే బిల్డ్ ఆగుతుంది. తరచు పట్టుబడేవి ఇవి: శీర్షిక కింద గీత శీర్షిక కన్నా పొట్టిగా ఉండటం. కోడ్ బ్లాక్‌కు ముందు ఖాళీ వరస, లోపలికి జరపడం మర్చిపోవడం. కొత్త పేజీ రాసి ఏ టాక్‌ట్రీలోనూ (విషయసూచికలోనూ) చేర్చకపోవడం. ఇంకొకటి కొత్తవాళ్లను బాగా తికమక పెడుతుంది: కోడ్ బ్లాక్‌కు 'ఎల్‌ఎల్‌వీఎం' అని భాష పేరు ఇస్తే, రంగులద్దే పిగ్మెంట్స్‌కు ఈమధ్య వచ్చిన ఐఆర్ మాటలు తెలియక చదవలేనంటుంది. ఐఆర్‌లో తప్పేమీ ఉండదు. ఆ బ్లాక్‌కు 'టెక్స్ట్' అని పెడితే సరి.

క్లాంగ్ డాక్యుమెంట్లలో కొన్ని పేజీలు కోడ్ నుంచి పుడతాయి. ఆట్రిబ్యూట్ల పేజీలో తప్పు కనిపిస్తే ఆ పేజీ కోసం రిపాజిటరీలో వెతికి లాభం లేదు, 'ఆట్ర్‌డాక్స్.టీడీ'లో ఉన్న మాటను దిద్దాలి.

డాక్యుమెంటేషన్‌లో ఎలాంటి మార్పు పంపితే పనికొస్తుంది?

కామాలు, స్పెల్లింగులు ఒక్కొక్కటీ ఒక్కో పుల్ రిక్వెస్టుగా పంపడం మాకు నచ్చదు. అవతల చదివే మనిషికి అరగంట పోతుంది, మీకూ నేర్చుకున్నది ఉండదు.

మేం చెప్పే పద్ధతి ఇది. ఒక డాక్యుమెంట్ ఎంచుకోండి. అందులో ఉన్న ప్రతి ఆదేశాన్ని నేటి మెయిన్ బిల్డ్ మీద నడపండి. ఏది ఆగిపోతే అది రాసుకోండి. డాక్స్ ఫోల్డర్‌లో 'గిట్ గ్రెప్'తో పాత తరహా ఆప్ట్ ఆదేశాలు, 'ఐ32*' లాంటి పాత పాయింటర్లు, తీసేసిన ఆప్షన్ల పేర్లు వెతకండి. తప్పు దొరికాక 'గిట్ లాగ్ -ఎస్'తో ఆ పేరును కోడ్‌లోంచి తీసేసిన కమిట్ పట్టుకోండి. ఎందుకు తీశారో ఆ కమిట్ సందేశంలో ఉంటుంది. మీ పుల్ రిక్వెస్టు వివరణలో ఆ కమిట్ ప్రస్తావిస్తే రివ్యూ చేసేవారు రెండు నిమిషాల్లో ఒప్పుకుంటారు. ఇలా ఒక్క పేరా దిద్దేసరికి ఆ భాగం ఎలా పనిచేస్తుందో మీకు వచ్చేస్తుంది, మూడు నెలల తర్వాత అదే భాగంలో కోడ్ మార్చగలుగుతారు.

కోడ్ మార్చేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఐఆర్‌లో కొత్త ఆట్రిబ్యూట్ చేర్చితే లాంగ్‌రెఫ్‌లో (ఐఆర్ భాషను వివరించే డాక్యుమెంట్‌లో) దాని అర్థం అదే పుల్ రిక్వెస్టులో ఉండాలి. వాడేవాళ్లకు తెలిసే మార్పు అయితే రిలీజ్ నోట్స్‌లో వరస ఉండాలి. తర్వాత రాద్దాం అనుకున్నది ఎప్పటికీ రాదు. ఆ రాయని వరస వల్లే మన ల్యాబుల్లో పిల్లలు ఎర్రర్ చూసి తమదే తప్పనుకుంటారు.

మొదటి పుల్ రిక్వెస్టు పంపేటప్పుడు ఏం చూసుకోవాలి?

శీర్షిక ముందు చదరపు బ్రాకెట్లలో భాగం పేరు పెట్టండి: క్లాంగ్, డాక్స్, ఇన్‌స్ట్‌కంబైన్ (సూచనలను కలిపి సులువు చేసే పాస్) ఇలా. ప్రోగ్రామ్ ప్రవర్తన మారని మార్పయితే 'ఎన్ఎఫ్‌సీ' అని చేర్చుతారు. మెర్జ్ అయ్యేటప్పుడు మీ కమిట్‌లన్నీ ఒక్కటైపోతాయి, శీర్షిక, వివరణే చివరి కమిట్ సందేశం అవుతాయి. కాబట్టి వివరణ శ్రద్ధగా రాయండి.

'గిట్ క్లాంగ్-ఫార్మాట్ హెడ్~1' నడిపి పంపండి, లేకపోతే బాట్ గుర్తుచేస్తుంది. మీ గిట్‌హబ్‌లో ఈమెయిల్ దాచే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే అది తీయమని కూడా బాట్ అడుగుతుంది.

మొదటిసారి పంపేవాళ్లకు ఆటోమేటిక్ పరీక్షలు వెంటనే మొదలుకావు, ఎవరో ఒకరు అనుమతి ఇవ్వాలి. పసుపు చుక్క అలాగే ఉందని మూసేసి మళ్లీ తెరవకండి.

రివ్యూలో చెప్పిన మార్పులు కొత్త కమిట్‌లుగా చేర్చండి. రీబేస్ చేసి ఫోర్స్ పుష్ కొడితే పాత వ్యాఖ్యలు ఏ వరసకు చెందినవో తెలియకుండా పోతాయి. మెయిన్‌తో కలపాల్సి వస్తే మెర్జ్ చేయండి. ఆమోదం వచ్చాక మెర్జ్ బటన్ మీకు కనిపించదు. మీ తరఫున మెర్జ్ చేయమని ఒక వ్యాఖ్య రాయండి. అలా రాయకపోవడం వల్ల ఆమోదం వచ్చి కూడా నెలలు పడున్న మార్పులు చూశాం.

టెస్ట్ ఎలా రాయాలి?

ఐఆర్ టెస్ట్ అంటే మొదటి వరసలో 'రన్:' ఆదేశం, కింద ఇన్‌పుట్, మధ్యలో 'చెక్:' వరసలు. చెక్ వరసలు చేత్తో రాయొద్దు. ఆప్ట్ టెస్టులకు 'అప్‌డేట్_టెస్ట్_చెక్స్.పీవై', ఐఆర్‌ను మెషీన్ కోడ్‌గా మార్చే ఎల్ఎల్‌సీ టెస్టులకు 'అప్‌డేట్_ఎల్ఎల్‌సీ_టెస్ట్_చెక్స్.పీవై' ఉన్నాయి. ముందు మీ మార్పు లేకుండా టెస్ట్ తయారుచేసి ఒక కమిట్, తర్వాత మార్పుతో చెక్ వరసలు మళ్లీ తీసి ఇంకో కమిట్ చేయండి. రెండింటి తేడాలో మీ పాస్ ఏం చేసిందో కళ్లకు కనిపిస్తుంది, రివ్యూ చేసేవారు మొదట చూసేదీ అదే.

టెస్టులో 'అన్‌డెఫ్' (ఇంకా ఖరారుకాని విలువ) వాడితే బాట్ అభ్యంతరం చెబుతుంది. 'పాయిజన్' (చెల్లని లెక్కకు గుర్తుగా ఉండే విలువ) వాడండి, లేదా ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ తీసుకోండి. ఇన్‌స్ట్‌కంబైన్‌లో మార్పు అయితే అది గణితపరంగా సరైనదని ఏలివ్2 అనే టూల్‌లో నిరూపించి ఆ లింకు జతచేయాలి. కాగితం మీద లెక్క సరిపోయినట్టే ఉండి, ఓవర్‌ఫ్లో దగ్గరో పాయిజన్ దగ్గరో ఏలివ్2 పట్టుకున్న తప్పులు ఎన్నో.

పంపి వారమైంది. ఎవరూ చూడలేదు.

వారానికి ఒకసారి 'పింగ్' అని రాయడం అక్కడ మర్యాదే. అంతకన్నా తరచుగా వద్దు. ఆ ఫైలును ఈమధ్య ఎవరు మార్చారో గిట్ బ్లేమ్‌లో చూసి వారిని రివ్యూకు పిలవండి.

గడియారం కూడా చూసుకోండి. వేసవి వేళల్లో జర్మనీలో ఉదయం 9 అంటే మనకు మధ్యాహ్నం 12:30. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయం 9 అంటే మనకు రాత్రి 9:30, చలికాలంలో 10:30. భోజనం చేసి అరగంట కూర్చుంటే వాళ్ల ప్రశ్నకు అప్పుడే జవాబు చెప్పొచ్చు, లేదంటే ఒక్కో ప్రశ్నకు ఒక రోజు పోతుంది.

మెర్జ్ అయింది. గంటకే రివర్ట్ చేశారు. తప్పు చేశానా?

మెర్జ్ అయ్యాక రకరకాల మెషీన్ల మీద, కోడ్‌ను కట్టి పరీక్షించే బిల్డ్‌బాట్‌లు నడుస్తాయి. మీ దగ్గర లేని ప్రాసెసర్ మీదో, మెమరీ తప్పులు పట్టే శానిటైజర్ బిల్డ్‌లోనో విరగొచ్చు. మెయిన్ విరిగి ఉంటే వందలమంది పని ఆగుతుంది కాబట్టి ముందు వెనక్కి తీసి తర్వాత మాట్లాడుకోవడం అక్కడి పద్ధతి. ఎంతో అనుభవమున్నవాళ్ల మార్పులూ రివర్ట్ అవుతాయి. బాట్ మెయిల్‌లో ఉన్న లాగ్ తెరవండి, మొదటి ఎర్రర్ దగ్గరకు వెళ్లండి, దిద్దండి, మళ్లీ పంపేటప్పుడు ఏం విరిగింది, ఈసారి ఏం మార్చారు అని పైనే రాయండి. మెర్జ్ చేయించుకున్న రోజు రెండు మూడు గంటలు మెయిల్‌కు అందుబాటులో ఉండాలి. ఊరికి బస్సెక్కే ముందు చేయించుకోకండి.

ఏఐ టూల్‌తో రాయించిన మార్పు పంపొచ్చా?

పంపే ప్రతి వరసకు బాధ్యత మీది. మీరు చదివి, అర్థం చేసుకుని, రివ్యూలో అడిగిన ప్రశ్నకు సొంతంగా జవాబు చెప్పగలిగితేనే పంపండి. ప్రశ్నను టూల్‌కు ఇచ్చి వచ్చిన జవాబును అతికిస్తే వెంటనే తెలిసిపోతుంది. కొత్తవాళ్లకని 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' గుర్తు పెట్టి వదిలిన పనులు నేర్చుకోవడానికి ఉద్దేశించినవి. వాటిని టూల్‌తో చేయిస్తే ఇంకో విద్యార్థికి దక్కాల్సిన మెట్టు పోతుంది.

ఉద్యోగంలో ఉన్నాను. సొంతంగా కోడ్ పంపొచ్చా?

లైసెన్స్ అపాచీ 2.0, ఎల్‌ఎల్‌వీఎం మినహాయింపులతో. 2019 నుంచి ఇదే. ముందు మీ కంపెనీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, ఆఫీసు ల్యాప్‌టాప్ వాడకండి.

మన దగ్గర నుంచి నిజంగా ఇలాంటివి వెళ్తాయా?

వెళ్తాయి. ప్రోగ్రామ్‌లను మెషీన్ లెర్నింగ్‌కు అనువుగా అంకెల వరసలుగా మార్చే ఐఆర్2వెక్ ఐఐటీ హైదరాబాద్‌లో పుట్టింది, 2025లో ఎల్‌ఎల్‌వీఎం ప్రధాన కోడ్‌లోకి చేరింది. బీటెక్ చివరి ఏడాదివాళ్లు గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఎల్‌ఎల్‌వీఎం ప్రాజెక్టులు చూడొచ్చు. దరఖాస్తు కన్నా ముందే ఒకటి రెండు మార్పులు మెర్జ్ అయి ఉంటే మెంటార్లతో మాట తేలిగ్గా కలుస్తుంది.

నా బగ్ దిద్దుబాటు మెయిన్‌లో ఉంది. ఇప్పటికే వచ్చిన విడుదలలో కూడా కావాలి. ఎలా?

మెయిన్‌లో మెర్జ్ అయిన ఇష్యూకు లేదా పుల్ రిక్వెస్టుకు ఆ విడుదల మైల్‌స్టోన్ పెట్టించి, వ్యాఖ్యగా '/చెర్రీ-పిక్' అని, పక్కన కమిట్ హ్యాష్ రాయండి. బాట్ విడుదల బ్రాంచ్ మీద కొత్త పుల్ రిక్వెస్టు తెరుస్తుంది. ఆ భాగం తెలిసినవారు సరేనంటే విడుదల మేనేజర్ తీసుకుంటారు. 18.1.0 లాంటి మొదటి విడుదల వచ్చాక సుమారు రెండు వారాలకొకటి చొప్పున చిన్న విడుదలలు ఉంటాయి. వాటిలోకి బగ్ దిద్దుబాట్లే వెళ్తాయి, లైబ్రరీ ఏబీఐ (కంపైల్ అయిన కోడ్ దాన్ని వాడుకునే తీరు) మారే ఏ మార్పునూ తీసుకోరు. చెర్రీ-పిక్ సాఫీగా అతకకపోతే బాట్ ఆ సంగతి రాస్తుంది. అప్పుడు విడుదల బ్రాంచ్ తెచ్చుకుని 'గిట్ చెర్రీ-పిక్ -ఎక్స్'తో చేత్తో కలిపి, ఆ బ్రాంచ్ మీదే టెస్టులు నడిపి పంపాలి.